త్రుప్పు - తుపాకి



ఆయుధమునకు శత్రువు ఎదుటివాని ఆయుధమే యని మనము తలంతుము. తుపాకుల చరిత్రను పరిశీలించినచో వేఱొక శత్రువు గూడ కానవచ్చును. అది యుద్ధము లేని దినములలోనే తన పని సాగించును, చప్పుడు చేయదు, రాత్రింబవళ్ళు విశ్రమింపదు. అదియే త్రుప్పు. మనవైపు కొందఱు చిలుమందురు, కొందఱు ఉర్దూమాటతో జంగందురు. ఈ శత్రువుతో మన పూర్వులును, పరదేశపు సేనలును ఎట్లు పోరాడిరో నాకు తెలిసినంతవఱకు మనవి చేయుదును.

ఈ ప్రసంగమునకు లక్సెట్టిపేటను కేంద్రముగా గైకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, గాలిలోని తేమ. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో జేరిన యీ యూరు గోదావరికి ఉత్తరపు దిక్కున నున్నది. మృగశిర కార్తె మొదలు హస్త, చిత్తల వఱకు వానలు. చుట్టును అడవి, చెఱువులు, వరిమళ్ళు. రెండవది, ఇనుము. గోదావరికి ఇరువైపుల నున్న పల్లెలలో తఱుచుగా కనబడు నల్లని చిట్టెపు దిబ్బలు ఒకనాటి కొలుముల గుర్తులు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమును గలసి ఉత్తర తెలంగాణమున పరిశీలన జరిపి, అనేక గ్రామములలో నిట్టి స్థలములను గుర్తించెను. ఇనుము పుట్టిన చోటనే త్రుప్పునకును పుట్టినిల్లని చెప్పవచ్చును. ఏలయన, ఇనుపరాయి యనునది ప్రాణవాయువుతో కలిసియున్న ఇనుమే. కమ్మరి బొగ్గుతో, తిత్తితో, చెమటతో ఆ కలయికను విడదీయుచున్నాడు. తడిగాలి మరల దానిని కలుపుచున్నది.

మన ప్రాంతపు ఉక్కునకు దేశాంతరములలో గొప్ప పేరుండెను. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఉక్కు చేయు విధమును వాయిసీ యను ఆంగ్లేయ వైద్యుడు స్వయముగా చూచి వ్రాసెను. ఆయన భూమి కొలతల శాఖలో పనిచేయుచు 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలో అచ్చుపడెను. ఇనుమును మట్టి మూసలలో నుంచి, మూతలు బిగించి, కొలిమిలో కరిగించి, మెల్లగా చల్లార్చుచుండిరి. ఆ ఉక్కు బిళ్ళలను కొనుటకు పర్షియా దేశపు వర్తకులు ఇంత దూరము వచ్చుచుండిరి. పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అని వ్రాసినది మన ఉక్కు అను మాటకు వికారమేయని పండితుల యభిప్రాయము.

ఇచట ఒక నమ్మకమును గూర్చి చెప్పవలసియున్నది. పూర్వుల ఇనుము త్రుప్పు పట్టదని పెద్దలు పలువురు చెప్పుచుందురు. ఢిల్లీలోని ఇనుప స్తంభమును సాక్ష్యముగా చూపుదురు. ఆ స్తంభము 1,600 ఏండ్లుగా నిలిచియున్నమాట నిజమే. దాని రహస్యమును కాన్పూరు సాంకేతిక విద్యాసంస్థలోని ఆచార్య బాలసుబ్రహ్మణ్యముగారు వివరించిరి. కొలిమిలో సున్నము వాడకుండుటచే ఆ యినుములో భాస్వరము మిగిలిపోయెను. అది వేయింటికి రెండు మూడు పాళ్ళుండును. దానివలన స్తంభముపై సన్నని పొర యేర్పడి లోపలి ఇనుమును కాపాడుచున్నది. అయినను ఈ గుణము భాస్వరము గల ఇనుమునకే గాని ప్రాత ఇనుమున కంతటికిని చెందదు. కోనసముద్రపు ఉక్కు వాడిలో సాటిలేనిదేయైనను తడి తగిలినచో త్రుప్పు పట్టునదే. పర్షియా పనివాండ్రు అన్నభేది వంటి లవణములతో దానిపై నీటియలల వంటి చారలను తేల్చి, పిదప కడిగి తుడిచి నూనె పూయుచుండిరి. ప్రపంచప్రసిద్ధమైన కత్తికిగూడ నూనెగుడ్డ తప్పలేదు.

తుపాకి వచ్చిన పిమ్మట ఈ పోరాటము మఱింత కష్టమయ్యెను. కత్తికి బయటనుండి వచ్చు తడియే శత్రువు. తుపాకికి శత్రువు కడుపులోనే పుట్టును. నల్లమందులో నూటికి 75 పాళ్ళు సురేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము ఉండును. అది కాలినపుడు సగముకంటె నెక్కువ భాగము పొగయై పోక మసిగాను లవణములుగాను మిగులును. ఆ లవణములు ఉప్పువలె గాలిలోని తేమను పీల్చుకొనును. వానకాలపు సాయంకాలమున పేల్చి, కడుగక గోడకు తగిలించిన తుపాకి గొట్టములో తెల్లవారునప్పటికి ఎఱ్ఱని పొడి కనబడుటకు ఇదియే కారణము. ఇచట నూనె మాత్రమే పూసిన ప్రయోజనము లేదు. లవణము నీటిలో కరుగును గాని నూనెలో కరుగదు. మొదట వేడినీటితో కడుగవలెను. గొట్టము వేడెక్కి త్వరగా ఆరును. ఆరిన పిమ్మటనే నూనె.

ఫిరంగుల విషయమును చూతము. గోదావరి కావల జగిత్యాలలో 1747లో జఫరుద్దౌలా కొఱకు ఫ్రెంచి ఇంజనీర్లు కోట కట్టిరి. హైదరాబాదులో 1786లో రేమండు, అనగా మన జనులు మూసారామని పిలిచిన ఫ్రెంచి సేనాని, ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పెను. దానినే తోపులసంచా యందురు. ఆ కాలమున ఫిరంగులను కంచుతోను, ఇనుముతోను చేయుచుండిరి. కంచు ఖరీదు ఎక్కువ. అయినను దానిపై పట్టు పచ్చని చిలుము సాధారణముగా పైనే నిలిచి లోహమును కప్పియుంచును. ఇనుపత్రుప్పు అట్లు గాదు. అది పొరలుగా ఊడును. ఊడినచోట క్రొత్త ఇనుము తడికి ఎదురుపడును. కావున తినుట ఆగదు.

ఐరోపా సేనలు సైతము ఈ విషయమున చాలకాలము పొరబడినవి. సిపాయి తుపాకి అద్దమువలె మెఱయవలెనని ఇటుకపొడితో తోమించుచుండిరి. త్రుప్పుతో బాటు ఉక్కు గూడ అరిగి గొట్టములు పలుచనయ్యెను. పిదప వారొక చిత్రమైన యుపాయమును పట్టిరి. గొట్టముపై తామే సన్నని త్రుప్పు పట్టించి, దానిని మరుగునీటిలో ఉడికించిరి. ఎఱ్ఱత్రుప్పు నల్లని గట్టిపొరగా మారి, నూనెను పట్టియుంచి, లోపలి ఉక్కును కాచెను. ముల్లును ముల్లుతోనే తీయుట యనిన నిదియే.

పొగలేని మందు వచ్చినను బాధ తీఱలేదు. తూటా అడుగున నుండు నిప్పుటోపీ మందులో పొటాషియము క్లోరేటు కలియుచుండెను. అది ప్రేలి ఉప్పువంటి లవణమును గొట్టములో విడుచును. అందుచేత 303 రైఫిలు గల సిపాయికి గొట్టములో మరుగునీరు పోసి కడుగు నియమము విధింపబడెను. 1942 - 45 మధ్య బర్మా అడవులలో వానలలో పోరాడిన సేనలకు, అందులో మన దేశపు సిపాయీలకు, అన్నమెంత యవసరమో నూనెబుడ్డి అంత యవసరమయ్యెను.

ఇంగ్లండులో వెర్నను అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున ప్రయోగములు చేసి, మలినములున్న గాలిలో తేమ నూటికి 60 పాళ్ళకు మించినపుడు త్రుప్పు వేగము ఒక్కుమ్మడిగా పెరుగునని కనుగొనెను. మన వానకాలములో గాలి తేమ ఆ హద్దు దాటియే యుండును. కావున నూనె యెట్టిదో యెఱిగి వాడవలెను. అవిసెనూనె ఎండి జిగురు పొరగా గట్టిపడును; కొయ్యకు మంచిదే గాని కదలు భాగములకు తగదు. నువ్వులనూనె కొన్నాళ్ళకు ముక్కిపోయి పులియును. ఆ పులుపు ఇనుమును తినును. ఖనిజతైలమున కీ దోషములు లేవు. తోలు ఒరలోను, బట్టసంచిలోను ఉంచి మూలబెట్టుట మఱియు కీడు. తోలు పదును పెట్టిన లవణములు, గుడ్డ పీల్చిన తేమ ఉక్కును విడువవు. మూతగట్టి పెట్టెలో చిన్న పాత్రతో కాల్చిన సున్నమును ఉక్కునకు తగులకుండ నుంచినచో అది తేమను పీల్చును. నేడు దొరకు సిలికా గుళికలును అదే పని చేయును. వేడి చేసి మరల వాడుకొనవచ్చును.

మన ఆయుధపూజను గూర్చి నాకొక యూహ కలదు. దసరా వానలు వెనుకపట్టు పట్టు వేళ వచ్చును. నాలుగు నెలల తడి పిమ్మట కత్తి, నాగలి, గొడ్డలి, తుపాకి అన్నింటిని బయటికి తీసి, తుడిచి, చూచుకొనుటకు అంతకంటె తగిన దినము లేదు. పూజ పేరిట ఊరంతయు ఒకే దినమున ఇనుమును పరీక్షించుకొనుచున్నది. పసుపు కుంకుమలు పెట్టినవారు మఱునాడు వానిని తుడిచి నూనె పూయుట మఱవకుందురు గాక.

ఇంతయు చెప్పుట కేవలము గతమును తలచుటకు గాదు. ఇనుమును ఉక్కును మెలివేసి అతికించిన ప్రాత గొట్టములలో త్రుప్పు అతుకుల సందున దూఱును. పైకి నునుపుగా కనబడును. మందు దట్టించి పేల్చినచో చీలి పట్టినవాని చేతిని తీసికొనిపోవును. లోపల ఏనాటి మందో నిలిచియుండినను నుండవచ్చును. కావున అటుకమీద తాతలనాటి తుపాకి కనబడినచో పిల్లల చేతికీయక, మంట దగ్గఱకు తీయక, వెంటనే ఠాణావారికి తెలుపుడు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఉంచుకొనుట నేరమును అగును. లైసెన్సు గలవారు ఎన్నికల వేళ తుపాకిని అప్పగింపవలసి వచ్చినచో, శుభ్రపఱచి, నూనె పూసి మఱీ అప్పగింపుడు.

కోటలలోని ఫిరంగుల మాట మిగిలినది. వానిని ఇసుకతో తోముట, ఆమ్లముతో కడుగుట, పాతయినుము క్రింద తూచి అమ్ముట - ఈ మూడును త్రుప్పుకంటె వేగముగా చరిత్రను తినివేయును. నూఱేండ్లు దాటిన యిట్టి వస్తువులకు 1972 నాటి చట్టము రక్షణ కల్పించియున్నది. మీ గ్రామమున ఫిరంగిగాని, చిట్టెపు దిబ్బగాని యున్నచో పురావస్తుశాఖకు తెలుపుడు. నీరు నిలువకుండ చూడుడు. అది యెవరి చేతిపనియో పిల్లలకు చెప్పుడు. ఆ కమ్మరుల పేర్లు మనకు దక్కలేదు. వారి ఇనుమైనను దక్కనిండు.