ఉస్మానియా నుండి నాగపూరునకు

చదువు నడుమ విశ్వవిద్యాలయము మార్చుకొనుట నేడొక దరఖాస్తుతోను, రెండు మూడు ధ్రువపత్రములతోను తీరిపోవు పని. తండ్రికి బదిలీ యైననో, కోరిన శాఖలో చోటు దొరకకపోయిననో, విద్యార్థి పాతచోట టి.సి.యు మైగ్రేషన్ సర్టిఫికెట్టును పుచ్చుకొని క్రొత్తచోట రుసుము కట్టి రెండవయేటి తరగతిలో కూర్చుండును. కాని 1938 సంవత్సరము చివర హైదరాబాదు సంస్థానమున కొన్ని వందలమంది విద్యార్థులు, కొందరు ఇంటర్మీడియట్ రెండవయేటను, కొందరు బి.ఏ. నడుమను ఉండగా, ఒక ప్రభువు ఏలుబడిలోని విశ్వవిద్యాలయమునుండి మరియొక ప్రభుత్వముక్రింది విశ్వవిద్యాలయమునకు తరలిపోయిన వృత్తాంతము ఇట్టిది కాదు. వారిచేత ధ్రువపత్రములు లేకుండుట యటుండగా, వారి పేర్ల కెదుట బహిష్కారపుటుత్తరువులు కలవు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము సామాన్యమైన సంస్థ కాదు. 1917లో అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనముపై ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా జారీ చేయగా, 1919 ఆగస్టులో అద్దె భవనములలో తరగతులు మొదలైనవి. తక్కిన విశ్వవిద్యాలయము లన్నియు ఇంగ్లీషును మోయుచుండగా, ఒక దేశభాషలో వైద్యము, గణితము, రసాయనము మొదలుగాగల శాస్త్రములను డిగ్రీ తరగతులవరకు బోధింప బూనుట భారతదేశమున అదియే ప్రథమము. గ్రంథములు లేని లోపమును తీర్చుటకు ‘దారుల్ తర్జుమా’ అను అనువాదశాలను నెలకొల్పి, పండితులను కూర్చి, ఐరోపా శాస్త్రగ్రంథములను వరుసగా ఉర్దూలోనికి దింపించిరి. ఈ సాహసమును కొనియాడనివాడు కృతఘ్నుడు. అయినను, ఆ దేశభాష ఎవరి భాష యను ప్రశ్న యొకటి మిగిలియున్నది. సంస్థానమున సగమునకు దగ్గరగా తెలుగువారును, తరువాత మహారాష్ట్రులును, కన్నడిగులును ఉండగా, ఉర్దూ ఇంటిభాషగా గలవారు నూటికి సుమారు పదిమంది. కనుక వరంగల్లునుండి వచ్చిన తెలుగు పిల్లవానికి ఉర్దూలో చదువుట పరభాషలో చదువుటయే. ఇంగ్లీషుకన్న కొంత చేరువైన పరభాష, అంతియే.

అడిక్‌మెట్టులో క్రొత్త ప్రాంగణము లేచుచున్న దినములవి. నేడు చూపరులు నిలిచి చూచు ఆర్ట్స్ కాలేజి భవనము ఇంకను పూర్తి కాలేదు. దానికి 1939 డిసెంబరులో గాని ప్రారంభోత్సవము జరుగలేదు. విద్యార్థి వసతిగృహములు మాత్రము నిండియున్నవి. అందు హిందూ విద్యార్థులు ప్రార్థనకై కేటాయించుకొన్న గదిలో వందేమాతరము పాడుచుండిరి. సంస్థానమున స్టేట్ కాంగ్రెసువారును ఆర్యసమాజమువారును సత్యాగ్రహము సాగించుచున్న కాలమగుటచే, ఆ పాట ప్రార్థన గాక రాజకీయమని అధికారులకు తోచినది. నవంబరు చివర నిషేధించిరి. విద్యార్థులు మానమనిరి. వసతిగృహములనుండి వెడలగొట్టిరి, పిమ్మట విశ్వవిద్యాలయమునుండియే పేర్లు కొట్టివేసిరి. వార్త వరంగల్లు, ఔరంగాబాదు, గుల్బర్గా కళాశాలలకు ప్రాకగా అచ్చటను సమ్మెలు, అచ్చటను బహిష్కారములు.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలయును. ఆ గీతమునందలి కడపటి చరణములు దుర్గాస్తుతిగా నుండుటచే ముస్లిములకు అభ్యంతరము కలదని తలచి, 1937 అక్టోబరులో కలకత్తాలో కూడిన కాంగ్రెసు కార్యనిర్వాహకవర్గము తానే మొదటి రెండు చరణములు మాత్రము పాడదగునని తీర్మానించి యుండెను. కావున అధికారుల శంక కేవలము కల్పితమని కొట్టివేయుటకు వీలులేదు. కాని పాటపై వివాదమున్నచో మాటాడి తీర్చుకొనవచ్చును. పదునేడు పదునెనిమిదేండ్ల పిల్లల చదువునే త్రుంచివేయుట ఏ విద్యాపీఠమునకును గౌరవము కాదు.

‘వందేమాతర’మను ఆ రెండు పదములకై ఆంధ్రదేశమున విద్యార్థులు కళాశాల గడప దాటవలసివచ్చుట అది మొదటిసారి కాదు. ముప్పదియొక్క యేండ్లకు పూర్వము, 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమున ఉపన్యసించి పోయిన వెనుక, అచ్చటి విద్యార్థులు వందేమాతరము బిళ్లలు రొమ్మున ధరించి తరగతులకు పోగా ప్రిన్సిపాలు మార్క్ హంటరు ఆగ్రహించెను. విద్యార్థులకు శిక్షలు పడెను. ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి తొలగింపబడి, సర్కారు కొలువునకు శాశ్వతముగ దూరమయ్యెను. ఆనాడు వారికి పోవుచోటు లేదు. గంజాము మొదలు కన్యాకుమారి సమీపమువరకు మదరాసు విశ్వవిద్యాలయ మొక్కటియే. దానికి ప్రభువు, పోలీసునకు ప్రభువు, ప్రిన్సిపాలునకు ప్రభువు ఒక్కడే. 1910లో బందరున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పుట ఇట్టి నిస్సహాయతనుండియే. అది ఉదాత్తమైన ప్రయత్నము. కాని దాని పట్టమును సర్కారు కచేరీ గుర్తింపలేదు.

1938 నాటికి పరిస్థితి మారినది. విశ్వవిద్యాలయములు పెక్కులైనవి, నాగపూరున 1923లో, ఆంధ్రమున 1926లో, అన్నామలైనగరున 1929లో నూతన విద్యాపీఠము లేర్పడినవి. 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలియు ఏర్పడి, ఒకచోటి పరీక్షను వేరొకచోట అంగీకరించు పద్ధతి కుదురుచుండెను. సత్ప్రవర్తన పత్రముతో వచ్చువానికి ఈ కట్టుబాటు దారి చూపును. వెళ్లగొట్టబడినవానికి అదియే అడ్డుగోడ కావచ్చును. పాతవారు విడుదలపత్రము ఈయనిదే క్రొత్తవారు చేర్చుకొనరాదు గదా! వీరిని చేర్చుకొనవలెనన్న నిబంధన చాలదు, గుండెదిటవు గల యుపకులపతి కావలయును.

హైదరాబాదు నగరమునందే నిజాం కళాశాల ఒకటి కలదు. అది చిత్రమైన సంస్థ: 1887లో పుట్టినది మొదలు 1947 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఉస్మానియాకు చేరువనే ఇంగ్లీషులో పాఠములు చెప్పుచుండెను. ఉస్మానియా కాదన్నవారు ఇందు చేరరాదా యని చదువరి అడుగవచ్చును. పరీక్ష పెట్టువారు మదరాసువారే యైనను జీతములిచ్చునది నిజాము ఖజానా. ఆ పేరులోనే జవాబున్నది.

నాగపూరు తలుపు తెరచినది. అప్పటి ఉపకులపతి టి. జె. కేదార్ ఈ విద్యార్థులను చేర్చుకొనుట కంగీకరించెను. మధ్యపరగణాలు, బీరారు రాష్ట్రమున రవిశంకర శుక్ల నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గ మప్పు డధికారమున నుండుట ఒక యనుకూలత. 1929లో కాజీపేట-బల్హార్షా రైలుదారి పూర్తియై మదరాసు-ఢిల్లీ మార్గము సూటిగా ఏర్పడుట రెండవది; అంతకు పదేండ్లు ముందైనచో వరంగల్లువానికి నాగపూరు ఇంత చేరువ కాదు. ఇందొక వింతయు కలదు. ఆ రాష్ట్రములోని బీరారు భాగము చట్టరీత్యా నిజాము సొత్తే. 1853లో ఆంగ్లేయుల వశమై, 1902లో శాశ్వతముగ కౌలుకీయబడి, 1936 ఒడంబడికలో మరల నామమాత్రముగ నిజామునదే యని ఒప్పుకొనబడినది. యువరాజునకు ‘బీరారు రాజకుమారు’డను బిరుదు దానివలననే వచ్చినది. అట్టి బీరారునకు గూడ విశ్వవిద్యాలయము నాగపూరే. కాగితముమీద కొంతభాగము నిజాము భూమియైన రాష్ట్రమే ఆయన తరిమినవారికి నీడనిచ్చినది.

సరిహద్దు దాటిన విద్యార్థికి మొదట మారినది డబ్బు. హైదరాబాదునకు సొంత నాణెము, హాలీ సిక్కా. బ్రిటిషు భారతమున చెల్లునది కల్దారు. నూరు కల్దారులు కావలెనన్న నూటపదునారు రూపాయల పదియణాల ఎనిమిది పైల హాలీ ఈయవలెను. పల్లెలో వడ్లమ్మి తండ్రి పంపిన రూపాయి నాగపూరు చేరుసరికి రెండణాల మీద కరగిపోవును. తేదీలు మారినవి: సంస్థానమున కచేరీలకెల్ల ఫసలీ సంవత్సరము, 1938 చివరి నెలలు 1348 ఫసలీ యగును. వేషము మారినది: ఉస్మానియాలో షేర్వాణీ తొడుగుకొనువాడు నాగపూరులో ధోవతితో తరగతికి పోయినను అడుగువాడు లేడు.

కష్టమైనది పాఠము మారుట. త్రిభుజమును ముసల్లస్ అనియు, అర్థశాస్త్రమును మాషియాత్ అనియు నేర్చి, ఆ మాటలతోనే ఆలోచించుట కలవాటుపడిన బుద్ధి, ఒక్కుమ్మడిగ అవే విషయములను ఇంగ్లీషులో విని ఇంగ్లీషులో వ్రాయవలసివచ్చినది. ఉస్మానియాలో ఇంగ్లీషు నిర్బంధ భాషగా ఉండుటవలన వారు బొత్తిగా అనాథలు కారు. కాని ఒక భాషను పాఠముగా చదువుట వేరు, ఆ భాషలో రసాయనశాస్త్రము చదువుట వేరు. ముస్లిములకు మతధర్మమును, ఇతరులకు నీతిశాస్త్రమును ఉస్మానియాలో తప్పనిసరి పాఠ్యాంశములు; నాగపూరున వానితో పనిలేదు. చేతికందనున్న పరీక్ష నాలుగు నెలల దూరమున నుండగా పుస్తకములు మారి, భాష మారి, వీధిలో మరాఠీ, తరగతిలో ఇంగ్లీషు, గదిలో తెలుగు మాటాడుకొనుచు చదివిన చదువది. పాట పాడినందుకు పొందిన కీర్తిని మన చరిత్రకారులు వ్రాసిరి. ఈ పుస్తకములతోడి కుస్తీని గూర్చి వ్రాసినవారు అరుదు. నా దృష్టిలో గొప్పది ఇదియే. నినాదము ఒకదినపు ధైర్యము. ఊరుగాని ఊరిలో రెండవయేటి పాఠము మొదటినుండి తిరిగి చదువుట సంవత్సరముల ధైర్యము.

అట్లు పోయినవారిలో పాములపర్తి వేంకట నరసింహారావు ఒకడు. హనుమకొండలో ఇంటర్మీడియట్ చదువుచు వందేమాతరముకై బహిష్కృతుడగునప్పటికి ఆయనకు పదునేడేండ్లు. నాగపూరు విశ్వవిద్యాలయము క్రింద ఇంటర్మీడియట్ ముగించి, పూనాలో ఫెర్గూసన్ కళాశాలలో బి.ఎస్‌సి. చదివెను, పూనాకు అప్పటికి సొంత విశ్వవిద్యాలయము లేదు గనుక ఆ పట్టము బొంబాయిది. మరల న్యాయశాస్త్రమునకు నాగపూరే చేరెను. ఇరువదియైదేండ్లు నిండకమున్నే మూడు విశ్వవిద్యాలయముల గాలి పీల్చినవాడు పలుభాషలలో ఆరితేరుటలో వింతయేమున్నది? 1991లో ప్రధానమంత్రి యైనప్పుడు ఆయన బహుభాషాప్రజ్ఞను ప్రతివారును పొగడిరి. దానికి బహిష్కారపుటుత్తరువును ఒక కారణమని గుర్తించినవారు తక్కువ. దేవులపల్లి వేంకటేశ్వరరావు జబల్పూరు పోయి చదువు కొనసాగించెను. 1946లో సాగరు విశ్వవిద్యాలయము పుట్టువరకు జబల్పూరు కళాశాలలును నాగపూరు పరిధిలోనివే. ఆయన తెలంగాణ సాయుధపోరాట నాయకుడై, కమ్యూనిస్టు సిద్ధాంతవేత్తగా ప్రసిద్ధి చెందెను. ఒకే ఉద్యమమున వెడలగొట్టబడి, ఒకే విద్యాపీఠపు నీడకు చేరిన యిరువురు తెలుగువారు రాజకీయముగ ఇంత దూరము నడచిరి.

విద్యార్థులు అలిగి వలసపోవుట లోకమునకు క్రొత్త కాదు. 1209లో ఆక్స్‌ఫర్డు విడిచినవారివలన కేంబ్రిడ్జియు, 1222లో బొలొన్యా విడిచినవారివలన పాదువాయు విద్యాస్థానము లయ్యెనని చరిత్ర చెప్పుచున్నది. తమ యాచార్యులు వేరొకచోట పాఠము చెప్పకుండ బొలొన్యా నగరమువారు ప్రమాణములు గూడ చేయించుకొనిరట! ప్రభువులు ఎక్కడనైనను ఒక్క తీరుగనే యుందురు. మనవారు క్రొత్త పీఠమును కట్టలేదు. ఉన్న పీఠములో బెంచీమీద చోటడిగిరి, అది దొరకినది. ఒక దేశమున విశ్వవిద్యాలయము లనేకములై, వేర్వేరు అధికారముల క్రింద నుండుటవలన కలుగు మేలు ఇదియని నేననుకొందును. 1907 రాజమహేంద్రవరమునకును 1938 హైదరాబాదునకును గల భేదమంతయు ఇందులోనే యున్నది. విద్య యంతయు ఒక్క గొడుగు క్రిందికి రావలెనని కోరువారు ఈ కథను ఒకమారు చదువుట మంచిది.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఉస్మానియాలో బోధనభాషగా ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చినది. పదేండ్ల క్రిందట బహిష్కృతులు నాగపూరున కష్టపడి చేసిన మార్పును విశ్వవిద్యాలయమే తన కంతటికి చేసికొనవలసి వచ్చెను. అనువాదశాల గ్రంథములు బీరువాలకెక్కినవి. ఇది సంతోషింపదగిన విషయము కాదు. దేశభాష యేది యను ప్రశ్నకు తెలుగు అను జవాబు రావలసియుండగా, ఇంగ్లీషు వచ్చి కూర్చున్నది.

ప్రసిద్ధుల పేర్లు గ్రంథములకెక్కినవి. తక్కిన వందలమందిలో ఎవరెవరు ఏ కళాశాలలో చేరిరి, ఎందరు పరీక్ష దాటిరి, ఎందరు డబ్బులేక నడుమనే ఇంటికి మరలిరి అను వివరములు ఒకచోట కూర్చిన గ్రంథము కావలసియున్నది. తాతగారి కాగితములలో నాగపూరు విశ్వవిద్యాలయపు పరీక్షాపత్రమో, ఉస్మానియా వసతిగృహపు నోటీసో, ఇంటికి వ్రాసిన యుత్తరమో ఉన్నవారు దానిని పారవేయక, ప్రతి యొకటి తీయించి దగ్గరి గ్రంథాలయమునకైనను చేర్పవలెనని కోరుచున్నాను.