గేదె దూడల్లో ఏలిక పాములు: పది రోజులు దాటగానే మందు ఎందుకు పట్టాలి?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప వేసే చిన్న రైతుల ఇళ్లలో ఒకటో రెండో గ్రేడెడ్ ముర్రా గేదెలు ఉంటాయి. పంట డబ్బు ఏడాదికోసారి చేతికొస్తే, రోజువారీ ఖర్చులు గడిచేది పాల డబ్బుతోనే. గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం వరకు ఈనుతాయి. అప్పుడే పత్తి తీతలు, మిరప చేలో పనులు ముమ్మరంగా ఉంటాయి. దూడను గమనించే తీరిక ఉండదు. పుట్టిన నెలలోపే పారుడు పట్టి దూడ చనిపోతే, రేపటి పాడి పశువు పోవడమే కాదు, దూడ లేక తల్లి కూడా సరిగా చేపదు. ఇలాంటి మరణాలకు ముఖ్యమైన కారణాల్లో ఏలిక పాములు ఒకటి. సకాలంలో మందు పడితే దీన్ని చాలావరకు తప్పించవచ్చు.

పురుగు దూడలోకి ఎలా చేరుతుంది?

చాలామంది దూడ మట్టి నాకడం వల్లే పాములు వస్తాయనుకుంటారు. గేదె దూడలో కనిపించే ఏలిక పాము (టాక్సోకారా విట్యులోరం) ప్రధానంగా తల్లి పాల ద్వారానే వస్తుంది.

జబ్బు ఉన్న దూడ పేడలో ఈ పురుగు గుడ్లు వేల సంఖ్యలో పడతాయి. తేమ, వెచ్చదనం ఉంటే కొద్ది వారాల్లో గుడ్డు లోపల పిల్ల పురుగు (లార్వా) తయారవుతుంది. గుడ్డు పెంకు మందంగా ఉండటంతో నీడ, తేమ ఉన్న నేలలో నెలల తరబడి బతుకుతుంది. మేతతో, నీటితో అది పెద్ద గేదె కడుపులోకి పోతే లార్వా బయటకు వచ్చి, పేగు గోడను తొలుచుకుని కాలేయం, ఊపిరితిత్తులు, ఇతర కణజాలాలకు చేరుతుంది. అక్కడ ఎదగకుండా నిద్రాణంగా ఉండిపోతుంది. గేదె ఈనే రోజులు దగ్గర పడగానే మళ్లీ కదిలి పొదుగుకు చేరుతుంది. ఈనిన తొలి వారం, పది రోజుల్లో జున్నుపాలతో, పాలతో దూడ పేగుల్లోకి వెళుతుంది. అక్కడ మూడు నాలుగు వారాల్లో పెద్ద పామై గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

తల్లికి లేని జబ్బు దూడకెందుకు?

ఎదిగిన గేదె శరీరంలోని రోగనిరోధక శక్తి లార్వాలను పెద్ద పాములుగా ఎదగనివ్వదు. అయితే అన్నిటినీ చంపలేదు. అందుకే గేదె ఆరోగ్యంగా కనిపిస్తూనే పురుగును దూడకు అందిస్తుంది. ఒళ్లంతా దాగిన ఈ లార్వాల మీద మామూలు నట్టల మందు సరిగా పనిచేయదు. తల్లికి మందు పట్టాం కదా, దూడకు అక్కర్లేదు అనుకోవడం అందుకే పొరపాటు.

జున్నుపాలలో తల్లి ప్రతిరక్షకాలు దూడకు అందుతాయి. అవి వేరే జబ్బుల నుంచి కాపాడతాయి గానీ ఈ పురుగును పూర్తిగా ఆపలేవు. దూడ తన సొంత రోగనిరోధక శక్తిని పెంచుకోవడానికి సమయం పడుతుంది. బతికి బట్టకట్టిన దూడల్లో సుమారు మూడు నాలుగు నెలల వయసుకు పాములు వాటంతటవే పడిపోతుంటాయి. మూడో నెలలో మందు పట్టి, పాములు పడ్డాయని సంతోషించే రైతులను చూస్తుంటాను. అప్పటికే దూడ ఎదుగుదల దెబ్బతిని ఉంటుంది, కొట్టమంతా గుడ్లు చేరి ఉంటాయి.

గుర్తించే లక్షణాలు

• బంకమన్ను రంగులో, దుర్వాసనతో పారుడు; ఒక్కోసారి మలబద్ధకం
• కడుపు కుండలా ఉబ్బడం, పక్కటెముకలు తేలడం
• వెంట్రుకలు బిరుసెక్కడం, పాలు తాగడం తగ్గడం
• పేడలో తెల్లని పొడవాటి పాములు పడటం

పాములు ఎక్కువైతే ఉండలు కట్టి పేగుకు అడ్డుపడి దూడ చనిపోవచ్చు.

ఏం చేయాలి?

1. ఈనిన తేదీని కొట్టం గోడ మీద రాసుకోండి. 10 నుంచి 16 రోజుల మధ్య మొదటి మోతాదు పట్టండి. అప్పటికి పాలలో వచ్చే లార్వాలు చాలావరకు వచ్చేసి ఉంటాయి, పురుగులు ఇంకా గుడ్లు పెట్టే దశకు రావు. దూడను కాపాడటానికీ, కొట్టంలో గుడ్లు పడకుండా చూడటానికీ సరైన సమయం ఇదే.
2. పైరాంటెల్, లెవమిసోల్ వంటివి ఎదుగుతున్న పురుగుల మీద కూడా పనిచేస్తాయి. పైపరజిన్ ఎదిగిన పాముల మీద బాగా పనిచేస్తుంది, కాబట్టి మళ్లీ పట్టాల్సి ఉంటుంది. ఏ మందు, ఎంత మోతాదు, మళ్లీ ఎప్పుడు అనేది దూడ బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి.
3. మందు పట్టేటప్పుడు దూడ తలను మరీ పైకెత్తకండి. పొరపోయి మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.
4. కడుపు ఉబ్బి నీరసించిన దూడకు సొంతంగా మందు పట్టకండి. ముందు డాక్టరుకు చూపించండి.
5. దూడ పేడను రోజూ తీసి, పచ్చిగడ్డి మడిలో వేయకుండా ఎరువు గుంటలో వేయండి. బాగా మాగిన ఎరువు వేడికి గుడ్లు చస్తాయి. దూడ కట్టే చోట ఎండ తగిలేలా, తడి లేకుండా చూడండి.

జున్నుపాలు మాన్పించవద్దు

పురుగు పాలలో వస్తుందని తెలిసి జున్నుపాలు పట్టకుండా ఆపితే, పాముల కంటే ముందు వేరే జబ్బులే దూడను చంపుతాయి. పుట్టిన గంట, రెండు గంటల్లోపు జున్నుపాలు తాగించాల్సిందే. పాలు ఆపవద్దు, మందు మరవవద్దు.

మరిన్ని వివరాలకు మీ గ్రామ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి గానీ, దగ్గరలోని పశువైద్యశాలను గానీ సంప్రదించండి.