మెర్సీ, శాంతి: ఆడపిల్లల అన్యాపదేశ కథల పుట్టుపూర్వోత్తరాలు

టీనేజీ అమ్మాయిల అద్భుత కథల్లో క్రైస్తవ అన్యాపదేశం అనగానే చాలామందికి సి. ఎస్. లూయిస్ నార్నియా నవలలు గుర్తొస్తాయి. 1950 నుంచి 1956 దాకా వచ్చిన ఆ ఏడు పుస్తకాలతో ఈ ధోరణికి పేరొచ్చింది కానీ, అది పుట్టింది వాటితో కాదు. 1684లో జాన్ బన్యన్ వెలువరించిన ‘యాత్రికుని ప్రయాణం’ రెండో భాగంలోనే దాని మూలం ఉంది. 1678 నాటి మొదటి భాగంలో క్రిస్టియన్ అనే మగవాడు ఆలుబిడ్డల్ని వదిలి స్వర్గపురికి బయల్దేరతాడు. రెండో భాగంలో అతని భార్య క్రిస్టియానా నలుగురు కొడుకుల్ని వెంటబెట్టుకుని అదే దారి పడుతుంది. పొరుగింటి పడుచు మెర్సీ తోడు వస్తుంది. క్రిస్టియానాకు స్వర్గపురి రాజు నుంచి ఉత్తరం అందింది. మెర్సీది పిలవని పేరంటం. అందుకే దారి మొదట్లోని ద్వారం దాటి క్రిస్టియానా లోపలికి వెళ్ళాక మెర్సీ వాకిట్లో బెంగగా నిలబడి, ఆగలేక తానే తలుపు బాది, సొమ్మసిల్లి పడిపోతుంది. ఆమెనూ లోపలికి తీసుకుంటారు. దారిలో బ్రిస్క్ అనేవాడు పెళ్ళాడతానని చుట్టూ తిరిగి, ఆమె కుట్టే బట్టలన్నీ పేదలకే పోతున్నాయని తెలిసి తప్పుకుంటాడు. అందుకామె దిగులుపడదు. ఈ కథలకు ప్రాణం సిద్ధాంతం కాదు, దారి తేల్చుకునే బాధ్యత ఆడపిల్లకు అప్పగించడం అని నా వాదన. ఈ క్రైస్తవ కథల్లో ఆ బాధ్యత మొదట దక్కింది మెర్సీకే.

తర్వాతి వాళ్ళు పట్టుకున్నదీ ఆ పోగునే. 1868 నాటి ‘లిటిల్ విమెన్’ అద్భుత కథ కాదు. అయినా లూయిసా మే ఆల్కాట్ అందులోని నలుగురు అక్కచెల్లెళ్ళ జీవితాన్ని బన్యన్ యాత్రగా అల్లి, కొన్ని అధ్యాయాలకు ఆ యాత్రలోని మజిలీల పేర్లే పెట్టింది. 1872లో జార్జ్ మెక్డొనాల్డ్ పుస్తకంగా వెలువరించిన ‘ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్’లో ఎనిమిదేళ్ళ ఐరీన్ కంటికి కనబడని నూలుపోగును వేలితో తడుముకుంటూ గుహల్లోకి దిగి, గని పిల్లవాడు కర్డీని విడిపిస్తుంది. ఆ పోగు అతని చేతికి తగలదు, కాబట్టి అతను నమ్మడు. నమ్మనివాడిని ఆమె కించపరచదు, తన నమ్మకాన్నీ వదులుకోదు. మెక్డొనాల్డ్‌ను గురువుగా చెప్పుకున్న లూయిస్ చేతిలో ఆ ఐరీనే లూసీ అయింది: నార్నియాను మొదట చూసేది ఆమె, తోబుట్టువులు నమ్మనిదీ ఆమెనే. 1962లో మాడెలిన్ లెంగిల్ ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’లో నాయిక వయసును టీనేజీకి తెచ్చింది. కళ్ళద్దాలు, ముక్కోపం, తన మీద తనకే చిన్నచూపు ఉన్న మెగ్, బుద్ధిబలంతో గెలవలేని శత్రువు నుంచి తమ్ముణ్ణి ప్రేమతో విడిపించుకుంటుంది.

ఇదంతా పరాయి సరుకు, మతప్రచారానికి వేసిన తీపి పూత అన్న అభ్యంతరం ఉంది. దాన్ని తమిళనాడులోని ధర్మపురి వంటి చోట నిలబడి పరిశీలించాలి. 1965 దాకా సేలం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో తమిళం, తెలుగు, కన్నడం ఒకదానికొకటి ఆనుకుని బతుకుతున్నాయి. 1623లోనే క్రైస్తవ మతప్రచారకుడు రాబర్ట్ డి నొబిలి సేలం వైపు వచ్చాడు. ధర్మపురి కథోలిక మేత్రాసనం 1997లో ఏర్పడింది. ఇక్కడ బడిలో తమిళం చదివే తెలుగింటి అమ్మాయికి బన్యన్ మరీ దూరపువాడు కాడు. తిరునెల్వేలి సీమ కవి హెచ్. ఎ. కృష్ణపిళ్ళై 1894లో ఆ కథను ‘రక్షణ్య యాత్రికం’గా, కంబ రామాయణ ఫణితిలో, తమిళ కావ్యం చేశాడు. ఇక ఇంటి భాషలో అన్యాపదేశం అంతకంటే పాతది. పదకొండో శతాబ్దంలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన ‘ప్రబోధచంద్రోదయ’ నాటకాన్ని పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన జంటగా తెలుగు ప్రబంధం చేశారు. అందులో శాంతి అనే కన్య తప్పిపోయిన తల్లి శ్రద్ధను వెతుక్కుంటూ చెలికత్తె కరుణతో బయల్దేరుతుంది. ఒక్కో మతంవాడూ ఒక్కో శ్రద్ధను చూపిస్తాడు. వాళ్ళెవరూ తన తల్లి కారని శాంతి గుర్తుపడుతుంది. క్రిస్టియానా, మెర్సీలకు ఆరు శతాబ్దాల ముందే ఇద్దరు ఆడవాళ్ళు అర్థాల లోకంలో నడిచారు!

అయితే ఆ నాటకం జైన, బౌద్ధ భిక్షువుల్ని వెక్కిరిస్తుంది. బన్యన్ పోపును గుహలో కూర్చున్న ముసలి రాక్షసుణ్ణి చేశాడు. లూయిస్ నార్నియా కథల్లో కలోర్మెన్ జనాన్ని చిత్రించిన తీరులో తూర్పుదేశాల మీద చులకన కనిపిస్తుంది. ఈ తప్పుకు మతభేదం లేదు కాబట్టి కొలతా ఒక్కటే ఉండాలి. లూయిస్ తన కథల్ని అన్యాపదేశాలు అనడానికి ఒప్పుకోలేదు. నార్నియా లాంటి లోకంలో క్రీస్తు అవతరిస్తే ఎలా ఉంటుందన్న ఊహ మాత్రమే అన్నాడు. ఆ తేడా నిజమే కానీ, అది అతన్ని లూసీ అక్క సూసన్ విషయంలో కాపాడదు. చివరి నవలలో లిప్‌స్టిక్, మేజోళ్ళు, విందు పిలుపుల మీద మనసుపడిందని సూసన్‌ను నార్నియా నుంచి తప్పించాడు. నవలాకారుడు ఫిలిప్ పుల్‌మన్ దీన్ని తీవ్రంగా తప్పుపట్టాడు, నేనూ అతని పక్షమే. ఎదుగుతున్న పిల్లకు తన మాట చెప్పుకునే ఒక్క సన్నివేశమూ దక్కలేదు, ఆమె గురించి మిగతావాళ్ళే తీర్పు చెప్పేశారు. బన్యన్ కూడా ఆడవాళ్ళకు కాపలాగా గ్రేట్‌హార్ట్ అనే వీరుణ్ణి పెట్టాడనవచ్చు. పెట్టాడు, నిజమే. కానీ తలుపు తట్టింది మెర్సీయే, గ్రేట్‌హార్ట్ అప్పటికింకా కథలోకి రాలేదు.

అందుకే ధర్మపురి, దాని పొరుగునున్న కృష్ణగిరి బడుల గ్రంథాలయాలకు నార్నియా ఒక్కటే చాలదు. మెర్సీ కథ, శాంతి కథ ఒకే అట్టల మధ్య, ఒక పుటలో తమిళం, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా, పద్నాలుగేళ్ళ పిల్ల సొంతంగా చదువుకునే వచనంలో రావాలి. భిక్షువుల వెక్కిరింతను, పోపు గుహను దాచిపెట్టకుండా.