మజిల్ కార్లలో స్పార్క్ ప్లగ్గుల మార్పిడి

మజిల్ కార్లలో స్పార్క్ ప్లగ్గుల మార్పిడి అనునది 1960, 1970 దశకాలలో అమెరికాలో తయారైన, పెద్ద వి-8 ఇంజను గల కార్ల నిర్వహణలో ఒక ముఖ్యమైన పని. సాధారణంగా స్పార్క్ ప్లగ్గు మార్చడం చాలా సులభము. కాని ఈ కార్లలో కొన్నింటిలో ఇంజనుకు, దాని చుట్టూ ఉన్న ఉక్కు రేకు గోడలకు మధ్య చెయ్యి పట్టేంత చోటు కూడా ఉండదు. ప్లగ్గు కంటికి కనబడదు, పానా పూర్తిగా తిరగదు. ఇందువలన ఇంజను హెడ్డులోని మరచుట్లు చెడిపోవడం, ప్లగ్గు పింగాణీ పగలడం, తీగలు తారుమారు కావడం వంటి నష్టాలు జరిగే అవకాశమున్నది. ఈ వ్యాసంలో 1967-70 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారును ముఖ్య ఉదాహరణగా తీసుకోవడమైనది.

నేపథ్యము

మధ్యతరహా లేదా చిన్న కారులో పెద్ద, శక్తివంతమైన ఇంజనును అమర్చి, అందుబాటు ధరకు అమ్మిన వాటిని మజిల్ కార్లు అంటారు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ ఒరవడి మొదలైనదని సాధారణంగా చెబుతారు. అందులో 389 ఘనపు అంగుళాల (6.4 లీటర్ల) ఇంజను ఉండేది.

ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న విడుదలైనది. దీని అడుగు నిర్మాణం 1960 మోడలుగా వచ్చిన ఫాల్కన్ అనే చిన్న కారు నుండి తీసుకొన్నది. ఫాల్కన్ మొదట ఆరు సిలిండర్ల చిన్న ఇంజను కోసమే రూపొందినది. తరువాత పోటీ కంపెనీలు పెద్ద ఇంజనులతో ముందుకు రాగా, ఫోర్డ్ 1967లో మస్టాంగ్ వెడల్పు పెంచి 390 ఘనపు అంగుళాల (6.4 లీటర్ల) ఇంజనును, 1968లో 428 ఘనపు అంగుళాల (7 లీటర్ల) కోబ్రా జెట్ ఇంజనును అమర్చినది.

ఇరుకునకు కారణము

మస్టాంగ్‌లో ముందు చక్రాల చుట్ట స్ప్రింగులు పై చేతికి మీదుగా ఉంటాయి. వాటిని కప్పుతూ రెండు వైపులా ఉక్కు గోపురాల వంటి నిర్మాణాలు ఇంజను గదిలోనికి చొచ్చుకొని వస్తాయి. చిన్న ఇంజనుకు వీటివలన ఇబ్బంది లేదు. పెద్ద ఇంజను అమర్చినపుడు దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డులు ఈ గోపురాలకు బాగా దగ్గరగా వస్తాయి. స్పార్క్ ప్లగ్గులు కూడా ఆ వైపునకే, మానిఫోల్డు పక్కన ఉంటాయి. వెనుక భాగంలో ఎడమవైపున స్టీరింగ్ దండము, బ్రేకు మాస్టర్ సిలిండరు మిగిలిన చోటును ఆక్రమిస్తాయి. ఈ గోపురాల నిర్మాణం 1973 మోడలు వరకు కొనసాగినది.

కావలసిన పరికరాలు

* లోపల రబ్బరు పట్టు గల ప్లగ్గు సాకెట్. ఈ ఇంజనుల అసలు ప్లగ్గులకు 13/16 అంగుళాల (20.6 మి.మీ.) సాకెట్ సరిపోతుంది.
* వేర్వేరు పొడవుల ఎక్స్‌టెన్షన్ కడ్డీలు, యూనివర్సల్ జాయింటు, చిన్న రాచెట్.
* సాకెట్ పైకొనకు పట్టే సాధారణ పానా. రాచెట్ పట్టని చోట దీనితోనే పని జరుగుతుంది.
* ప్లగ్గు తలకు బిగుతుగా పట్టే రబ్బరు గొట్టపు ముక్క.
* ఎడము కొలిచే తీగ గేజి, చిన్న అద్దము, దీపము.

విధానము

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టాలి. మానిఫోల్డు వేడికి చేతులు కాలుతాయి. అంతేకాక అల్యూమినియం హెడ్డు వేడిగా ఉన్నపుడు ప్లగ్గు విప్పితే మరచుట్లు ఊడి రావచ్చు. ముందుగా బ్యాటరీ రుణ ధ్రువపు తీగను తొలగించాలి.

తరువాత ఏ ప్లగ్గును ఏ దిక్కు నుండి అందుకోవాలో చూసుకోవాలి. ముందువైపు ప్లగ్గులు పైనుండి అందుతాయి. వెనుక ప్లగ్గులకు కొన్నిసార్లు కారును పైకెత్తి కిందినుండి, లేదా ముందు చక్రం విప్పి ఆ సందు నుండి ప్రయత్నించవలసి వస్తుంది. ఎత్తిన కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరరాదు; గట్టి స్టాండ్ల మీద నిలపాలి.

తీగను తీసేటపుడు తీగను పట్టి లాగకుండా, దాని రబ్బరు తొడుగును పట్టి కొద్దిగా తిప్పి లాగాలి. ఒకసారి ఒక్క ప్లగ్గునే మార్చి, దాని తీగను తిరిగి పెట్టిన తరువాతనే రెండవదానికి వెళ్ళాలి. ప్లగ్గు చుట్టూ చేరిన ఇసుకను, మురికిని గాలితో ఊదివేయాలి. లేనిచో అది సిలిండరులో పడుతుంది.

రాచెట్‌తో సహా సాకెట్ లోపలికి దూరదు. కాబట్టి ముందు సాకెట్‌ను మాత్రమే చేతితో ప్లగ్గు మీద కూర్చోబెట్టి, తరువాత కడ్డీని, రాచెట్‌ను తగిలించాలి. సాకెట్ వంకరగా కూర్చుంటే పింగాణీలో కంటికి కనబడని పగులు ఏర్పడుతుంది. అటువంటి ప్లగ్గు ఇంజను మీద భారం పడినపుడు మంటను తప్పుతుంది.

బిగింపు

కొత్త ప్లగ్గు ఎడమును కొలిచి సరిచేయాలి. ఆ కాలపు ఇంజనులకు ఇది సుమారు 0.035 అంగుళాలు (0.9 మి.మీ.). కనబడని రంధ్రంలో ప్లగ్గును మొదలుపెట్టడానికి రబ్బరు గొట్టాన్ని ప్లగ్గు తలకు తొడిగి వేళ్ళతో తిప్పుతారు. మరచుట్లు సరిగా కలిస్తే ప్లగ్గు తేలికగా లోపలికి పోతుంది. అడ్డంగా పడితే గొట్టం జారిపోయి తిరుగుతుంది కాని, ప్లగ్గు ముందుకు కదలదు. పానాతో మొదలుపెడితే ఈ తేడా చేతికి తెలియదు. పానా బలం ప్లగ్గును అడ్డంగానే లోపలికి తోస్తుంది. చెడిన మరచుట్లను బాగుచేయడానికి ఇంత ఇరుకులో వీలు కాకపోతే హెడ్డునే విప్పవలసి వస్తుంది.

ఇరుకు చోట టార్క్ పానా పట్టదు. అపుడు తిప్పిన కోణమే కొలమానం. వాషరు గల కొత్త 14 మి.మీ. ప్లగ్గును చేతితో బిగిసిన తరువాత సుమారు అర చుట్టు బిగించాలి. వాషరు లేకుండా, వాలుగా ఉండే అంచు గల ప్లగ్గుకు చుట్టులో పదహారవ వంతు చాలు. ఫోర్డ్ 390, 428 ఇంజనుల అసలు ప్లగ్గులు ఈ రెండవ రకానికి చెందినవి. వీటిని ఎక్కువగా బిగిస్తే అంచు ఇరుక్కుపోయి తరువాత విప్పడం కష్టమవుతుంది.

తీగల అమరిక

ఫోర్డ్ వి-8లో కుడివైపు సిలిండర్లకు ముందునుండి 1 నుండి 4, ఎడమవైపు వాటికి 5 నుండి 8 సంఖ్యలు ఇస్తారు. పై ఇంజనులలో మంట క్రమము 1-5-4-2-6-3-7-8. ఇందులో 7, 8 సిలిండర్లు పక్కపక్కనే ఉండి, ఒకదాని వెంట ఒకటి మండుతాయి. వాటి తీగలు కలిసి సమాంతరంగా పోతే, 7వ తీగలోని విద్యుత్తు ప్రేరణ వలన 8వ ప్లగ్గులో కూడా నిప్పురవ్వ రావచ్చు. ఆ సమయానికి 8వ సిలిండరులోని పిస్టను ఇంకా పైకి వస్తూనే ఉంటుంది. ముందుగా పుట్టిన ఆ మంట పిస్టనును దెబ్బతీస్తుంది. అందుచేత ఈ రెండు తీగలను విడివిడిగా నడపాలి. ఎడమవైపు వెనుక ఉన్న ఈ రెండు ప్లగ్గులే అందుకోవడానికి కష్టమైనవి కూడా. ఏ తీగా మానిఫోల్డును తాకరాదు.

పాత ప్లగ్గుల పరిశీలన

తీసిన ప్లగ్గులను సిలిండరు సంఖ్య ప్రకారం వరుసగా పెట్టి చూస్తే ఇంజను స్థితి తెలుస్తుంది.

* లేత గోధుమ రంగు: ఇంజను సక్రమంగా ఉన్నది.
* పొడి నల్లని మసి: పెట్రోలు పాలు ఎక్కువ.
* తడి నూనె: పిస్టను రింగులు లేదా వాల్వు గైడులు అరిగినవి.
* తెల్లబడి పొక్కులు: అధిక వేడి, లేదా పెట్రోలు పాలు తక్కువ.

ఒక్క ప్లగ్గు మాత్రమే మిగిలినవాటికి భిన్నంగా ఉంటే దోషం ఆ సిలిండరులో గాని, దాని తీగలో గాని ఉండవచ్చు. అందుకోవడం కష్టమని వెనుక ప్లగ్గులను వదిలివేస్తే ఈ సమాచారం దొరకదు.

ఇతర కార్లు

* మస్టాంగ్ బాస్ 429 (1969-70): ఇంజను పట్టడానికి గోపురాలనే మార్చి, బ్యాటరీని డిక్కీలోనికి తరలించారు. దీని హెడ్డులు అల్యూమినియంవి.
* ప్లిమత్ బారకూడా (1967): 383 ఘనపు అంగుళాల ఇంజను పెట్టిన తరువాత పవర్ స్టీరింగ్ పంపుకు చోటు మిగలలేదు.
* క్రైస్లర్ 426 హెమీ: ఎంతో పెద్ద ఇంజను. కాని ప్లగ్గులు వాల్వు కవర్ల మధ్యలోని గొట్టాల ద్వారా పైకి తెరుచుకొని ఉంటాయి. కేవలం ఇంజను పరిమాణమే ఇబ్బందికి కారణం కాదని దీనివలన తెలుస్తుంది.
* సన్‌బీమ్ టైగర్ (1964-67): ఫోర్డ్ వి-8 అమర్చిన ఈ బ్రిటిషు స్పోర్ట్స్ కారులో ఎడమవైపు చివరి ప్లగ్గును అందుకోవడానికి ఇంజనుకు, కూర్చునే భాగానికి మధ్యనున్న గోడలో రంధ్రం చేసి, రబ్బరు బిరడాతో మూసి ఉంచారు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రము
* స్పార్క్ ప్లగ్
* ఫోర్డ్ మస్టాంగ్