గ్లాకోమా డాక్టర్ల కథ: ఒక పొరపాటుతో మొదలైంది

చంద్రుడి ఫొటోని ఎప్పుడైనా జూమ్ చేసి చూశారా? అందులో గుంతలు ఒక్కోసారి బొడిపెల్లాగా కనిపిస్తాయి. వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో మన మెదడు తప్పుగా అనుకుంటుంది, అంతే. సుమారు 170 ఏళ్ల కిందట ఒక గొప్ప కంటి డాక్టర్ కూడా ఇలాగే పొరబడ్డారు. ఈరోజు ఎపిసోడ్ ఆయన గురించే.

ముందు జబ్బేంటో చూద్దాం. గ్లాకోమాని మనవాళ్లు నీటికాసులు అంటారు. కంట్లో ఒక ద్రవం ఊరుతూ, ఒక సన్నని దారిలో బయటికి పోతుంటుంది. ఆ దారికి అడ్డం పడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, వెనకాల ఉన్న కంటి నరం దెబ్బతింటుంది. కొందరిలో ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం పాడవుతుంది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

1851 దాకా బతికున్న మనిషి కంటి నరాన్ని డాక్టర్లు సరిగ్గా చూడలేకపోయేవారు. ఆ ఏడాది జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ గురించి ప్రకటించారు. కంటి లోపలికి వెలుగు పంపి చూసే పరికరం అది. బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ అనే కుర్ర డాక్టర్ దాన్ని వెంటనే అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 23.

గ్లాకోమా ఉన్న కంట్లోకి చూసి, నరం మొదలు ఉబ్బి ఉందని ఆయన రాశారు. నిజానికి అక్కడ ఉన్నది గుంత! ఒంటికన్నుతో చూడటంవల్ల లోతు తెలియలేదు. తోటి డాక్టర్ అడాల్ఫ్ వెబర్ ఆ తేడా పట్టుకున్నారు. గ్రేఫ్ మొండికేయలేదు, తన మాట సరిదిద్దుకున్నారు. ఈరోజుకీ గ్లాకోమా డాక్టర్లు కంట్లో మొదట వెతికేది ఆ గుంతనే.

1857లో గ్రేఫ్ ఇంకో అడుగు వేశారు. ఐరిస్, అంటే కంట్లోని రంగు పొర, అందులోంచి చిన్న ముక్క కత్తిరిస్తే కొందరిలో ఒత్తిడి తగ్గి చూపు నిలబడింది. అప్పటిదాకా ఈ జబ్బుకి నమ్మకమైన వైద్యమే లేదు. కానీ అందరికీ ఎందుకు పనిచేయట్లేదు? జవాబు రావడానికి దాదాపు 80 ఏళ్లు పట్టింది. 1938లో అమెరికాలో ఆటో బార్కన్, ద్రవం పోయే మూలని ప్రత్యేకమైన లెన్స్‌తో చూసి తేడా చెప్పారు: కొందరిలో ఆ మూల ఇరుకు, కొందరిలో తెరిచే ఉంటుంది. మూల ఇరుకైనవాళ్లకే ఆ ఆపరేషన్ బాగా పనిచేస్తుంది.

తర్వాత స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీలో హన్స్ గోల్డ్‌మన్ వచ్చారు. 1935 నుంచి 1968 వరకు అక్కడ కంటి విభాగాన్ని నడిపించారు. ఒత్తిడి కొలవడానికి 1950లలో ఆయన చేసిన పరికరమే ఇప్పటికీ ప్రామాణికం.

గ్రేఫ్ క్షయతో 1870లో చనిపోయారు, 42 ఏళ్లకే. అప్పటికే ప్రొఫెసర్. 1854లో ఆయన మొదలుపెట్టిన పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. చూసింది రాయడం, నలుగురి ముందు పెట్టడం, తప్పైతే దిద్దుకోవడం: మెడికల్ కాలేజీ డాక్టర్ల బతుకంతా ఇదే. ఒక్కరితో పూర్తయ్యే పని కాదిది, తరాలు పడుతుంది.

మరి మన సంగతి? 1990లలో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేశారు. గ్లాకోమా బయటపడినవాళ్లలో ఎక్కువమందికి తమకి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. ఎందుకంటే చాలామందిలో ఇది నొప్పి లేకుండా, పక్కచూపుని కొద్దికొద్దిగా తినేస్తుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఇంట్లో నలభై దాటినవాళ్లుంటే, ముఖ్యంగా మీ కుటుంబంలో ఎవరికైనా గ్లాకోమా ఉంటే, వాళ్లని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అద్దాల పవర్ ఒక్కటే చూపించుకుని వచ్చేయకండి. "కంటి నరం కూడా చూడండి డాక్టర్ గారూ" అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!