నీటి వేడిమియు లాబ్స్టరు పిల్లలును

అమెరికా ఈశాన్య తీరమున లాబ్స్టరు అనెడు సముద్రజంతువు కలదు. అది మన రొయ్యకు దూరపు చుట్టము. ముందు రెండు పెద్ద కత్తెరకాళ్లు గలది. దానిని పట్టి అమ్ముకొని అచట వేలకొలది కుటుంబములు బ్రదుకుచున్నవి. ఆ బ్రదుకునకును నీటి వేడిమికిని గల సంబంధమును నేడు విన్నవించెదను.

తల్లి గ్రుడ్లను తొమ్మిది మాసములకు పైగా తోకక్రింద మోయును. వేసవిలో పుట్టిన పిల్లలు సముద్రపు పైనీట తేలుచుండును. మూడుసార్లు పెంకు విడిచిన పిదపనే అవి అడుగునకు దిగి రాళ్లసందుల దాగగలవు. అందాక చేపలకు ఆహారమే. నీరు 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నయెడల ఈ దశ సుమారు రెండు వారములలో గడచును; 12 డిగ్రీలే యున్నచో నెల దాటును. ఆలస్యమైనకొలది నష్టము హెచ్చును.

19వ శతాబ్దాంతమున లాబ్స్టర్లు తగ్గిపోగా, ప్రభుత్వమువారు గ్రుడ్లను పొదిగించి, పిల్లలను పుట్టినవెంటనే సముద్రమున విడిచిరి. ఫలము కానరాలేదు. 1900 ప్రాంతమున బ్రౌను విశ్వవిద్యాలయాచార్యుడు ఆల్బర్టు మీడు రోడు ఐలెండు రాష్ట్రములోని విక్‌ఫర్డున వేరుమార్గము త్రొక్కెను. పిల్లలు ఒకదానినొకటి తినకుండ, తెడ్లతో నీటిని ఎడతెగక కదలించుచు, నాల్గవ దశవరకు పెంచి విడిపించెను. 1970 ప్రాంతమున మాసచూసెట్సు రాష్ట్రమున జాన్ హ్యూసు వెచ్చని నీట పెంచగా, సముద్రమున అయిదేండ్లకు పైగా పట్టు పెరుగుదల రెండేండ్లలోనే వచ్చెను.

అయితే వేడిమికి హద్దు కలదు. 20 డిగ్రీలు దాటిన నీరు చాలదినములు నిలిచినచో పెద్ద లాబ్స్టర్లు డస్సి రోగములకు లోనగును. 1999లో లాంగ్ ఐలెండు జలసంధిలో అవి గుంపులుగా చచ్చెను. నీటి వేడిమి అందుకొక కారణము. అచటి జాలరులనేకులు వృత్తినే విడువవలసివచ్చెను. ఉత్తరమున చల్లనిదగు మేన్ తీరమునకు మాత్రము ఆ కాలపు వెచ్చదనము మేలు చేసెను. 2016లో అచట పట్టుబడి 13 కోట్ల పౌనులను మించెను. పిమ్మట అదియు తగ్గుముఖము పట్టినది.

తొట్టిలోని నీటిని మనుష్యుడు కాచుకొనగలడు, చల్లార్చుకొనగలడు. సముద్రమును అట్లు చేయజాలడు. కావున మేన్ జాలరులు తమ చేతనైన పని చేయుచున్నారు. గ్రుడ్లు మోయుచున్న ఆడుది పడినచో తోకపై గాటుపెట్టి మరల నీట విడుతురు. గాటున్నదానిని అమ్ముట చట్టముచే నిషిద్ధము. అది పెక్కేండ్లు పిల్లలను కనును. వానిలో కొన్నియైన తగిన నీటిని చేరునని వారి ఆశ.