ఏనుగు, తక్కెడ, చెయ్యి కలిసిన వారం

2011 ఆగస్టు 12, శుక్రవారం. ప్రకాశ్ ఝా సినిమా ‘ఆరక్షణ్’ థియేటర్లకు వచ్చింది, కొన్ని రాష్ట్రాల్లో తప్ప. సెన్సార్ బోర్డు యు/ఏ సర్టిఫికెట్ ఇచ్చినా, శాంతిభద్రతలు దెబ్బతింటాయంటూ ఉత్తరప్రదేశ్‌లో మాయావతి బీఎస్పీ ప్రభుత్వం రెండు నెలల నిషేధం పెట్టింది. పంజాబ్‌లో అకాలీ-బీజేపీ సర్కారుదీ అదే మాట. మన దగ్గర కిరణ్‌కుమార్ రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వమూ అదే వరుసలో చేరింది. ఒకరి గాలి ఒకరికి పడని పార్టీలు ఒక్క సినిమా దగ్గర ఏకమయ్యాయి.

ఇంతా చేసి అందులో ఏముంది? రిజర్వేషన్ల గొడవతో మొదలైన కథ సగం గడిచాక కోచింగ్ సెంటర్ల వ్యాపారం మీదికి మళ్ళుతుంది. ప్రిన్సిపాల్ అమితాబ్, దళిత అధ్యాపకుడు సైఫ్ అలీఖాన్ ఒకవైపు, చదువును అమ్ముకునే మనోజ్ బాజ్‌పాయి మరోవైపు. విజయవాడ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేని సంగతే.

యూపీ నిషేధంలోని తమాషా ఢిల్లీకి దగ్గరలోనే ఉన్న ఆ రాష్ట్రపు ఊరు గ్రేటర్ నోయిడాలో ఉన్నవాళ్ళకే బాగా తెలియాలి. ఢిల్లీలో సినిమా ఆడుతోంది. అప్పటికి గ్రేటర్ నోయిడాకు మెట్రో లేదు. పరీ చౌక్‌లో బస్సో ఆటోనో పట్టుకుని నోయిడా చేరి, అక్కడ మెట్రో ఎక్కితే చాలు, నిషేధం వెనకబడిపోతుంది. వారం తిరిగేసరికి, ఆగస్టు 19న, సుప్రీంకోర్టు యూపీ ఉత్తర్వును కొట్టేసింది. శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం బాధ్యతే తప్ప, వాటిని సాకుగా చూపి సర్టిఫికెట్ ఉన్న సినిమాను ఆపడానికి వీల్లేదంది. రిజర్వేషన్ల మీదే తీసిన తమిళ చిత్రం ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ కేసులో 1989లోనూ దాదాపు ఇదే తీర్పు. పార్టీల చెవికి అది ఎక్కలేదంతే.

శాంతిభద్రతలు నిజంగా చెయ్యిదాటింది ఎక్కడో ఆ ఏడాది గ్రేటర్ నోయిడాలో ఎవరినడిగినా చెప్పేవారు. ఆగ్రా దాకా 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే కోసం భూములు తీసుకుంటున్న రోజులవి. పరిహారం చాలదని రైతులు భట్టా పార్సౌల్‌లో ఎదురుతిరిగారు. మే 7న పోలీసులతో ఘర్షణ జరిగి ఇద్దరు రైతులు, ఇద్దరు పోలీసులు చనిపోయారు. కలెక్టర్ కాలికి తూటా తగిలింది. నాలుగు రోజులకు, పోలీసు కాపలా తప్పించుకుని, తెల్లవారుజామున మోటార్‌సైకిల్ వెనక సీటు మీద రాహుల్ గాంధీ ఊళ్ళోకి వచ్చారు. బండి నడిపింది స్థానిక కాంగ్రెస్ నాయకుడు ధీరేంద్ర సింగ్. జులైలో అక్కడి నుంచే అలీగఢ్ దాకా రాహుల్ పాదయాత్ర చేశారు.

పరామర్శలు ఎన్ని జరిగినా రైతుకు ఊరట దొరికింది కోర్టులోనే. పరిశ్రమలకని తీసుకున్న గ్రేటర్ నోయిడాలోని షాబేరీ గ్రామ భూమి బిల్డర్ల చేతికి వెళ్ళిందని తేల్చి, 156 హెక్టార్ల సేకరణ రద్దును జులై 6న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు పరిహారాన్ని 64.7 శాతం పెంచమంది. పొలం పోయినవాడూ, సినిమా తీసినవాడూ ఆ ఏడాది న్యాయస్థానం మెట్లే ఎక్కారు.

సినిమా మీద పార్టీల కోపం మనకు వింతేం కాదు. 1987లో ‘మండలాధీశుడు’లో ఎన్టీఆర్‌ను తలపించే వేషం కట్టిన కోట శ్రీనివాసరావు, విజయవాడలో అభిమానులు తన మీద చెయ్యిచేసుకున్నారని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. 2024 ఫిబ్రవరికి భూమీ సినిమా ఒకటైపోయాయి. అమరావతి రైతుల కథతో ‘రాజధాని ఫైల్స్’ విడుదలైన రోజునే, వైసీపీ నేత పిటిషన్ మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రదర్శన ఆపించింది. మర్నాడు అనుమతిచ్చింది. అంతకుముందు ‘వ్యూహం’ సినిమాకు అడ్డుపడింది తెలుగుదేశం. తమ నాయకుణ్ణి పొగిడితే చరిత్ర, తిడితే కుట్ర. ఈ కొలత మాత్రం రెండు శిబిరాల్లోనూ ఒక్కటే.

మళ్ళీ గ్రేటర్ నోయిడాకి వద్దాం. 2012లో మాయావతి రాష్ట్రంలో ఓడిపోయారు. కానీ భట్టా పార్సౌల్ ఉన్న జేవర్‌లో గెలిచింది ఆమె పార్టీయే, ఓడింది బండి నడిపిన ధీరేంద్ర సింగే. నోయిడాలో అడుగుపెట్టిన ముఖ్యమంత్రికి పదవి పోతుందన్న భయం అప్పట్లో లక్నోలో గట్టిగా ఉండేది. కొత్త ముఖ్యమంత్రి అఖిలేశ్ ఎక్స్‌ప్రెస్‌వేను లక్నో నుంచే ప్రారంభించారు. 2014లో ఇంకో విడ్డూరం. గ్రేటర్ నోయిడా ఉన్న గౌతమ్‌బుద్ధ నగర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి రమేశ్‌చంద్ తోమర్ పోలింగ్‌కు వారం ముందు బీజేపీలో చేరిపోయారు.  2017లో ధీరేంద్ర సింగ్ కూడా కమలం గుర్తు మీద జేవర్‌లో గెలిచారు.

ఈలోగా పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. డబ్బు కట్టిన చాలామందికి ఫ్లాట్ వచ్చినా రిజిస్ట్రేషన్ రాలేదు. బిల్డరు భూమి ఇచ్చిన ప్రభుత్వ అథారిటీకి బాకీ పడ్డాడు, అది తీరేదాకా అథారిటీ అనుమతివ్వనంది. నలిగింది కొన్నవాడు. ‘నో రిజిస్ట్రీ, నో వోట్’ అని గేట్లకు బ్యానర్లు కట్టారు. 2024 ఏప్రిల్ 26న గౌతమ్‌బుద్ధ నగర్ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటేసింది సగానికి కాస్త ఎక్కువ మంది. 2019 కంటే పోలింగ్ తగ్గింది. బీజేపీకి చెందిన మహేశ్ శర్మ మెజారిటీ మాత్రం సుమారు 3.37 లక్షల నుంచి 5.59 లక్షలకు పెరిగింది.